కౌంటర్ దగ్గర అడిగే ప్రశ్నలకు మొదటి పేజీలో చోటివ్వండి: కళాశాల వెబ్‌సైట్ పునర్నిర్మాణ కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిటీ అధ్యక్షులకు, సభ్యులకు నమస్కారం.

మన కళాశాల వెబ్‌సైట్‌ను కొత్తగా తీర్చిదిద్దడానికి మీరు తయారు చేసిన ముసాయిదాను పూర్వ విద్యార్థులకూ, విశ్రాంత ఉద్యోగులకూ పంపి అభిప్రాయాలు కోరినందుకు ముందుగా కృతజ్ఞతలు. ఇలాంటి పనుల్లో ఏజెన్సీవాళ్లు నమూనా చూపించడం, పెద్దలు ఒక రంగు మార్చమనడం, ఆ తర్వాత ప్రారంభోత్సవం జరిగిపోవడమే తప్ప బయటివాళ్లను అడిగే ఆనవాయితీ మనకు లేదు కాబట్టి, అడిగినప్పుడు మొహమాటపడకుండా చెప్పడమే మర్యాద అనుకుంటున్నాను. ఇదే కార్యాలయంలో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి సూపరింటెండెంట్‌గా పదవీ విరమణ చేసిన నేను, ఉద్యోగ జీవితంలో చాలా భాగం కౌంటర్ కిటికీకి లోపలి వైపున గడిపాను. కిటికీకి అవతల నిలబడేవాళ్లు ఏమి అడుగుతారో, ఏది తెలియక ఎంత దూరం నుంచి ఎన్నిసార్లు వస్తారో నాకు తెలుసు. వాళ్లు అడిగేదాన్ని బట్టి వెబ్‌సైట్‌ను అమర్చాలన్నదే ఈ లేఖలోని విన్నపం. కింద రాసినవన్నీ దానికి వివరణలే.

ముసాయిదా ప్రకారం మొదటి పేజీ పైభాగమంతా కదిలే ఫొటోలకు కేటాయించారు. డ్రోన్‌తో తీసిన ప్రధాన భవనం, పట్టాల ప్రదానం, ఎన్‌సీసీ కవాతు, హరితహారం మొక్కలు ఒకదాని వెనుక ఒకటి వచ్చి పోతుంటాయి. వాటి కింద ప్రిన్సిపాల్ సందేశం, దాని కింద దార్శనికత, లక్ష్యాలు, ఆ తర్వాత యాజమాన్య కమిటీ సభ్యుల చిత్రాలు ఉన్నాయి. ప్రిన్సిపాల్ సందేశం విషయంలో మన అనుభవం మీకు గుర్తుండే ఉంటుంది: ఇప్పుడున్న వెబ్‌సైట్‌లో ఫొటో కొత్తవారిది, కింద సంతకం అంతకుముందు వారిది, సందేశం మాత్రం వారికీ ముందున్నవారిది. ఆ సందేశం అక్కడ ఉందని ఫిర్యాదు చేసినవారు గానీ, లేదని వెతికినవారు గానీ నాకు తారసపడలేదు. ఇక పరీక్ష ఫీజు నోటీసు కావాలంటే 'పరిపాలన' అనే మెనూ తెరిచి, అందులో 'పరీక్షల విభాగం', అందులో 'సర్క్యులర్లు' అనే చోటికి వెళ్లాలి. కార్యాలయం దృష్టిలో పరీక్షలు పరిపాలనలో భాగమే కావచ్చు గానీ, ఫీజు కట్టవలసిన విద్యార్థి పరిపాలన అన్న మాట కింద దాన్ని వెతకడు. ముసాయిదా మన కార్యాలయం గదుల వరుసను అనుసరించి ఉంది. వచ్చేవాళ్ల పనిని అనుసరించి లేదు.

ఆ పనులేమిటో కొంత వివరంగా రాస్తాను. జూన్ నుంచి ఆగస్టు దాకా వచ్చేవాళ్లలో ఎక్కువమంది దోస్త్ (తెలంగాణలో డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానం) ద్వారా సీటు వచ్చిన పిల్లలు, వారి తల్లిదండ్రులు. 2016లో దోస్త్ మొదలైన తర్వాత దరఖాస్తు కోసం కళాశాలకు రావలసిన అవసరం తప్పింది గానీ, సీటు ఖరారైన తర్వాత ఏ ఏ ఒరిజినల్ సర్టిఫికెట్లు తేవాలి, ఎన్ని జిరాక్సు ప్రతులు కావాలి, కుల ధ్రువీకరణ పత్రం పాతది చెల్లుతుందా, ఆదాయ పత్రం ఈ ఏడాదిదే ఉండాలా, గ్యాప్ ఉంటే ఏం చేయాలి అన్న ప్రశ్నలు అలాగే మిగిలాయి. నర్సంపేట నుంచో మహబూబాబాద్ నుంచో బస్సెక్కి వచ్చి, ఒక్క మైగ్రేషన్ సర్టిఫికెట్ మరిచిపోయిన కారణంగా మళ్లీ మర్నాడు వచ్చే కుటుంబానికి, ఒక రోజు కూలి పోవడంతో పాటు రానుపోను ఛార్జీలు రెండింతలవుతాయి. మనం కిటికీ పక్కన గోడకు అంటించే ఆ ఒక్క కాగితం వెబ్‌సైట్ మొదటి పేజీలో, అక్షరాల రూపంలో, ఫోన్‌లో చదవగలిగేలా ఉంటే ఆ ప్రయాణాల్లో చాలావరకు తప్పేవి.

ఆ తర్వాత స్కాలర్‌షిప్పుల కాలం. ప్రభుత్వ స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్ ఈపాస్‌లో కొత్తగా దరఖాస్తు చేసేవారికీ, రెన్యువల్ చేసుకునేవారికీ మధ్య తేడా, మీసేవలో వేలిముద్రలు వేయడానికి ఎప్పుడు వెళ్లాలి, హార్డ్ కాపీలు కళాశాలలో ఎవరికి ఇవ్వాలి, బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం కాకపోతే ఎవరిని అడగాలి అన్నవి ప్రతి సంవత్సరం అవే ప్రశ్నలు. అయితే వీటన్నిటికంటే ఎక్కువగా, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇంకొకటి ఉంది: 'మేడం, ప్రభుత్వం నుంచి రావలసిన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఇంకా పడలేదు కదా, టీసీ ఇస్తారా?' చివరి సంవత్సరం పూర్తి చేసి పీజీలో సీటు తెచ్చుకున్న పిల్ల ఈ మాట అడిగినప్పుడు, కౌంటర్‌లో ఉన్న మనిషిని బట్టి, ఆ రోజు పైవారు చెప్పినదాన్ని బట్టి జవాబు మారడం నేను చూశాను. మీ ముసాయిదాలో ఎన్నో పేజీలున్నాయి గానీ ఈ ప్రశ్నకు జవాబు ఏ పేజీలోనూ లేదు. రాస్తే ఇబ్బంది వస్తుందని ఊరుకున్నారేమో తెలియదు. కళాశాల నియమం ఏదైనా సరే, అది రాతపూర్వకంగా ఒకచోట ఉంటే, ఆ పిల్ల తల్లిదండ్రులు అప్పు కోసం తిరగాలో, కమిషనరేట్‌కు అర్జీ పెట్టుకోవాలో ముందుగా నిర్ణయించుకోగలుగుతారు. కార్యాలయ సిబ్బందికి కూడా అదే రక్షణ.

పరీక్షల విషయంలో మనది స్వయంప్రతిపత్తి గల కళాశాల కావడం వల్ల వచ్చే గందరగోళం ప్రత్యేకమైనది. పరీక్షలు నిర్వహించి మార్కుల మెమోలు ఇచ్చేది మనం, పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. టీసీ మన దగ్గర, మైగ్రేషన్ వాళ్ల దగ్గర. ఈ సంగతి లోపలివాళ్లకు ఎంత తేటతెల్లమో బయటివాళ్లకు అంత అయోమయం. ఒరిజినల్ డిగ్రీ కోసం మన దగ్గరికీ, మెమోలో తండ్రి పేరు తప్పు సవరణ కోసం విశ్వవిద్యాలయానికీ వెళ్లి, రెండు చోట్లా 'ఇక్కడ కాదు' అనిపించుకుని తిరిగి వచ్చినవాళ్లకు లెక్కలేదు. అమెరికాలోనో కెనడాలోనో ఉన్న పూర్వ విద్యార్థులు ట్రాన్‌స్క్రిప్ట్ (మార్కుల వివర పత్రం) సీలు వేసిన కవరులో నేరుగా అక్కడ చదువును మదింపు చేసే సంస్థకు పంపాలని అడుగుతారు. దానికి రుసుము ఎంత, దరఖాస్తు ఏది, ఇక్కడున్న తమ్ముడో బావగారో వచ్చి తీసుకోవచ్చా, అందుకు అధికార పత్రం ఎలా రాయాలి అన్నది వాళ్లకు తెలియక, తెలిసిన లెక్చరర్లకు అర్ధరాత్రి వాట్సాప్ సందేశాలు పంపుతారు. ఏ పత్రం ఎవరిస్తారు, ఎన్ని రోజుల్లో ఇస్తారు, రుసుము ఎంత, వెంట ఏం తేవాలి అన్న నాలుగు సంగతులను ఒక్కో పత్రానికి నాలుగు వాక్యాల్లో రాస్తే, ఆ ఒక్క పేజీ మొత్తం వెబ్‌సైట్‌లో ఎక్కువగా చూసే పేజీ అవుతుందని నా నమ్మకం.

నోటీసులు పెట్టే పద్ధతి గురించి కూడా చెప్పాలి. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, నోటీసును కంప్యూటర్‌లో టైపు చేసి, ముద్రించి, సంతకం పెట్టించి, స్టాంపు వేయించి, దాన్ని మళ్లీ స్కాన్ చేసి, యంత్రం ఇచ్చిన అంకెల పేరుతోనే వెబ్‌సైట్‌లోకి ఎక్కిస్తున్నారు. నిరుడు పరీక్ష ఫీజు నోటీసును ఫోన్‌లో తెరిచి చూశాను. కాగితం ఒక పక్కకు ఒరిగి ఉంది. అపరాధ రుసుము లేకుండా కట్టవలసిన చివరి తేదీ మీద గుండ్రటి స్టాంపు పడి, అది 16వ తేదీయో 18వ తేదీయో తెలియలేదు. పెద్దది చేసి చూస్తే అక్షరాలు పగిలిపోయాయి. పక్కన 'కొత్త' అని మిణుకుమిణుకుమనే బొమ్మ ఉంది గానీ, అదే బొమ్మ అంతకు రెండేళ్ల కిందటి నోటీసుల పక్కన కూడా మిణుకుమంటూనే ఉంది. నోటీసులోని విషయాన్ని మామూలు అక్షరాల్లో పేజీ మీదే పెట్టి, పైన శీర్షిక, తేదీ, ఏ సెమిస్టర్‌కు, ఏ బ్యాచ్‌కు అన్నది స్పష్టంగా రాసి, సంతకమున్న ప్రతిని కావలసినవారి కోసం కింద జతచేస్తే సరిపోతుంది. గడువు దాటిన నోటీసు దానంతటదే పాత నోటీసుల్లోకి వెళ్లే ఏర్పాటు ఇవాళ ఏ సాధారణ వెబ్‌సైట్ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఉంటుంది.

కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ సంస్థ గురించి కొంచెం కష్టమైన మాట. మీ కమిటీలో ఐక్యూఏసీ (కళాశాల అంతర్గత నాణ్యతా విభాగం) బాధ్యులు ఉన్నారు, వారి శ్రమ నాకు తెలుసు. న్యాక్ తనిఖీ బృందమైన పీర్ టీం వచ్చే ముందు నెలల్లో ఫైళ్ల మధ్య వారితోపాటు నేనూ రాత్రి దాకా కూర్చున్నదాన్నే. స్వీయ అధ్యయన నివేదిక, వార్షిక నాణ్యతా నివేదికలు, ఒక్కో కొలమానానికి ఆధారాలు వెబ్‌సైట్‌లో ఉండవలసిందే. అయితే న్యాక్ ఏడు ప్రమాణాలనూ మొదటి పేజీ మెనూలోకి తెచ్చి, 1.1.1 దగ్గర మొదలుపెట్టి వరుసగా అంకెలు పేర్చిపెడితే, అవి ఎవరికి అర్థమవుతాయి? న్యాక్ వారికి మనం లింకు ఇస్తాం, వారు నేరుగా ఆ పేజీకే వెళతారు. ఆ ఆధారాలన్నిటినీ ఒక ప్రత్యేక విభాగంగా ఉంచి, దారి మాత్రం పేజీ అడుగున చూపించవచ్చు. వెబ్‌సైట్ తనిఖీ బృందాల కోసం తయారైతే, బృందం వచ్చి వెళ్లిన మర్నాటి నుంచి దాన్ని పట్టించుకునేవారు ఉండరు. మన పాత వెబ్‌సైట్‌కు పట్టిన గతి అదే.

ఇక భాష. ముసాయిదా మొత్తం ఇంగ్లిష్‌లో ఉంది. తెలుగు విభాగం పేజీ కూడా ఇంగ్లిష్‌లోనే ఉంది. ఎయిడెడ్ కళాశాలగా ప్రభుత్వ నిధులతో నడుస్తున్న మనకు 2005 సమాచార హక్కు చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం నాలుగో సెక్షన్ 17 అంశాల సమాచారాన్ని ఎవరూ అడగకముందే ప్రకటించాలని చెబుతూ, సమాచారాన్ని అందించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలని కూడా అంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, అడ్మిషన్ సమయంలో పిల్లల వెంట వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది చదవగలిగేది తెలుగే. వెబ్‌సైట్ అంతటినీ రెండు భాషల్లో నడపమని నేను కోరడం లేదు. అంత సిబ్బంది మనకు లేరు. అడ్మిషన్లు, ఫీజులు, స్కాలర్‌షిప్పులు, సర్టిఫికెట్లు, హాస్టల్, ఫిర్యాదులు, ఈ ఆరు విషయాలైనా తెలుగులో ఉండాలని కోరుతున్నాను. ర్యాగింగ్ జరిగితే పిలవవలసిన యూజీసీ ఉచిత నంబరు 1800-180-5522, లైంగిక వేధింపులపై ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ సభ్యుల వివరాలు ఆ తెలుగు పేజీలో పైభాగాన ఉండాలి. ఉర్దూ మీడియం పిల్లలు కూడా మనకు ఉన్నారు కనుక ఆ ఒక్క పేజీ ఉర్దూలోనూ ఉంటే మరీ మంచిది. ఉర్దూ విభాగంవారు తలచుకుంటే అది రెండు పూటల పని.

తెలుగులో పెట్టేటప్పుడు ఒక జాగ్రత్త తీసుకోవాలి. మన కార్యాలయంలోనూ, పట్టణంలోని డీటీపీ సెంటర్లలోనూ ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే టైపు చేస్తారు. ముద్రణకు అవి బాగుంటాయి గానీ, ఆ పాఠాన్ని తెచ్చి వెబ్‌సైట్‌లో అతికిస్తే ఇంగ్లిష్ అక్షరాల, గుర్తుల చిందరవందర తప్ప ఏమీ కనిపించదు. దానికి విరుగుడుగా మనవాళ్లు ఆ పాఠాన్ని బొమ్మగా మార్చి పెడుతున్నారు. బొమ్మలో ఉన్న తెలుగును గూగుల్ సరిగ్గా వెతకదు, ఫోన్ సరిగ్గా చదివి వినిపించదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి అనే యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేత పద్ధతి) తెలుగు ఫాంటు ఉంది. ఇప్పుడు మండలి, రామభద్ర, నోటో వంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. తెలుగు పాఠం యూనికోడ్‌లోనే ఉండాలని ఏజెన్సీతో చేసుకునే ఒప్పందంలో ఒక వాక్యం రాయించండి. ఒత్తులు కింది వరుసకూ, గుడి దీర్ఘాలు పై వరుసకూ తగలకుండా వరుసల మధ్య ఎడం పెంచమని కూడా చెప్పండి, ఎందుకంటే ఇంగ్లిష్ కొలతలతో తయారైన నమూనాలో తెలుగు ఇరుక్కుపోతుంది.

పైన చదివి వినిపించడం అన్నాను కదా, ఆ విషయానికి ముసాయిదాలో ఒక్క వాక్యమూ లేకపోవడం బాధ కలిగించింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలు ఐదు శాతానికి తగ్గకుండా సీట్లు వారికి కేటాయించాలి. ఆ సీట్లలో చేరిన చూపు లేని విద్యార్థులు మన దగ్గర ప్రతి ఏటా ఉంటూనే ఉన్నారు. తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో, అంటే ఫోన్లలో టాక్‌బ్యాక్‌తో, కంప్యూటర్లలో ఎన్‌వీడీఏ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వాళ్లు చదువుకుంటారు. స్కాన్ చేసిన నోటీసు దగ్గరికి వచ్చేసరికి ఆ సాఫ్ట్‌వేర్‌కు చదవడానికి అక్షరమే ఉండదు. వికలాంగుల అందుబాటు హక్కులపై రాజీవ్ రతూరి వేసిన కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు కేవలం సలహాలుగా మిగిలిపోకూడదనీ, తప్పనిసరిగా పాటించవలసిన నియమాలు చేయాలనీ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఈ ప్రమాణాల్లో మన స్థాయిలో పాటించలేనివి చాలా తక్కువ: చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ కోసం ఫొటోలో ఏముందో వర్ణన రాయడం, అక్షరాలకూ వెనుక రంగుకూ మధ్య కనీసం 4.5కి 1 నిష్పత్తిలో తేడా ఉంచడం, కదిలే వార్తల పట్టీని ఆపుకోవడానికి మీట ఇవ్వడం, మౌస్ లేకుండా కీబోర్డుతోనే అన్ని పేజీలూ తిరగగలిగేలా చూడడం. ముసాయిదాలో లేత పసుపు మీద తెల్ల అక్షరాలు నా కళ్లద్దాలకే కనిపించలేదు. ఏజెన్సీకి చివరి విడత సొమ్ము చెల్లించే ముందు, చూపు లేని మన విద్యార్థి ఒకరిని పిలిచి, ఆ విద్యార్థి తన ఫోన్‌తోనే హాల్‌టికెట్ తీసుకోగలిగితేనే పని పూర్తయినట్లు లెక్కించాలని ఒప్పందంలో రాసుకోవచ్చు.

ప్రకటించకూడని వాటి సంగతి క్లుప్తంగా. స్కాలర్‌షిప్ జాబితాలను పేరు, కులం, ఫోన్ నంబరు, ఆధార్ సంఖ్యతో సహా యథాతథంగా పెట్టడం చూశాను. ఆధార్ సంఖ్యను బహిరంగంగా ప్రకటించడాన్ని 2016 ఆధార్ చట్టమే నిషేధించింది. ఆడపిల్లల ఫోన్ నంబర్లు అలా బయట పడితే ఏమవుతుందో కమిటీలోని మహిళా అధ్యాపకులకు నేను చెప్పనక్కర్లేదు. జాబితాకు హాల్‌టికెట్ నంబరు చాలు.

వెబ్‌సైట్ ఎవరిది, ఎవరు చూసుకుంటారు అన్న ప్రశ్న రూపకల్పన కంటే పెద్దది. పాత ఒప్పందం ముగిసినప్పుడు పాస్‌వర్డులు ఏజెన్సీ కుర్రవాడి దగ్గర, డొమైన్ అప్పటి కోఆర్డినేటర్ గారి సొంత ఈమెయిల్ పేరున ఉండిపోయి, ఫలితాలు వెలువడిన వారంలో వెబ్‌సైట్ తెరుచుకోని సందర్భం అందరికీ తెలుసు. ఏసీ డాట్ ఇన్ డొమైన్లను (వెబ్‌సైట్ చిరునామాలను) విద్యాసంస్థలకు ఎర్నెట్ ఇండియా అనే ప్రభుత్వ సంస్థ ఇస్తుంది. దాన్ని వ్యక్తి పేరు మీద కాకుండా ప్రిన్సిపాల్ హోదా పేరున నమోదు చేయించి, వివరాలను కార్యాలయ రికార్డులో చేర్చి, బాధ్యతల అప్పగింత జాబితాలో క్యాష్‌బుక్, టీసీ పుస్తకాలతో పాటు దీన్నీ ఒక అంశంగా రాయాలి. రోజువారీ మార్పులకు ప్రతిసారీ ఏజెన్సీకి ఫోన్ చేయవలసిన అవసరం ఉండకూడదు. పరీక్షల విభాగంలో ఒకరు, స్కాలర్‌షిప్ సెక్షన్‌లో ఒకరు, అడ్మిషన్ సెక్షన్‌లో ఒకరు తమ తమ పేజీలను తామే సరిదిద్దేలా శిక్షణ ఇవ్వాలి, ఆ పనిని వారి విధుల ఉత్తర్వులో చేర్చాలి. కంప్యూటర్ సైన్స్ విద్యార్థుల ప్రాజెక్టు పనిగా దీన్ని అప్పజెబుదామన్న సూచన ముసాయిదా చివర ఉంది. పిల్లలకు అది మంచి అభ్యాసమే గానీ, వాళ్లు మూడేళ్లలో వెళ్లిపోతారు, నోటీసులు మాత్రం వస్తూనే ఉంటాయి.

ఇదే సందర్భంలో కమిటీ కూర్పు గురించి ఒక మాట. అందులో అధ్యాపకులు ఉన్నారు, యాజమాన్య ప్రతినిధి ఉన్నారు, ఏజెన్సీవారు ఆహ్వానితులుగా ఉన్నారు. కార్యాలయం నుంచి గానీ, పరీక్షల విభాగం నుంచి గానీ, విద్యార్థుల నుంచి గానీ ఒక్కరూ లేరు. ప్రస్తుతం కౌంటర్‌లో కూర్చుంటున్న అసిస్టెంట్‌నూ, మొదటి సంవత్సరం విద్యార్థులు ఇద్దరినీ తదుపరి సమావేశానికి పిలిచి, ఒక్క నెల రోజుల పాటు కిటికీ దగ్గర వచ్చే ప్రశ్నలను ఒక పుస్తకంలో రాయించి చూడండి. మెనూలో ఏం ఉండాలో ఆ పుస్తకమే తేలుస్తుంది.

కొత్త వెబ్‌సైట్ వచ్చిన రోజున పాతదాన్ని తీసేయవద్దని కూడా మనవి. పాత రెగ్యులేషన్ సిలబస్‌లు సప్లిమెంటరీ రాసేవారికి ఇప్పటికీ అవసరమే. విదేశాల్లో చదువు సమానత్వం నిరూపించుకోవలసిన వారికి తాము చదివిన సంవత్సరపు సిలబసే కావాలి. పాత చిరునామా నొక్కినవారు కొత్త పేజీకి చేరేలా మళ్లింపులు పెట్టడం ఏజెన్సీకి తెలిసిన పనే, అడిగితే చేస్తారు.

చివరిగా, తేదీల విషయం. విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారంపై యూజీసీ 2023లో తెచ్చిన నిబంధనల ప్రకారం, ప్రవేశాలు మొదలవడానికి కనీసం 60 రోజుల ముందు సీట్లు, అర్హతలు, ఫీజులు, ఫీజు వాపసు నియమాలతో కూడిన ప్రాస్పెక్టస్‌ను వెబ్‌సైట్‌లో ఉంచాలి. దోస్త్ నోటిఫికేషన్ సాధారణంగా మే నెలలో వస్తుంది కాబట్టి, మార్చి మొదటి వారానికి ఆ పేజీ సిద్ధంగా ఉండాలి. మీ ముసాయిదాలో ప్రారంభోత్సవం జూన్‌లో, కళాశాల వార్షికోత్సవం నాడు అని ఉంది. ఉత్సవం అప్పుడే పెట్టుకోండి. ప్రాస్పెక్టస్‌నూ, సర్టిఫికెట్ల పేజీనీ మాత్రం ముందుగా, అవసరమైతే పాత వెబ్‌సైట్‌లోనే, తెలుగులో కూడా పెట్టించండి. ఆ రెండు పేజీల పాఠం తయారు చేయడానికి మనిషి కావాలంటే నేను వచ్చి కార్యాలయంలో కూర్చుని రాసిపెడతాను.

భవదీయురాలు,
విశ్రాంత కార్యాలయ సూపరింటెండెంట్